తర్వాతి రాణి

మా సందులో రోజూ తెల్లవారగానే ఒక చేప దొవాన్ దొరసాని గుమ్మం ఎక్కేది. తనంతట తానే నడిచి వచ్చేదని చెబితే మీరు నమ్మరు కాబట్టి, నోయ్ తెచ్చి ఇచ్చేదనే చెబుతాను. అరిటాకులో చుట్టిన చేప. ఒక్కోసారి ఇంకా తోక ఆడిస్తూ ఉండేది. దొరసాని దాన్ని రెండు వేళ్ళతో అందుకుని, ఎవరో బాకీ తీర్చినట్టు తల పంకించి లోపలికి వెళ్ళేది. మా పేట కిమ్ లోంగ్‌లో ఇరుగుపొరుగుకి కూరో నారో పంపుకోవడం మామూలే. కానీ ఆ చేప ఎందుకు వచ్చేదో సందంతటికీ తెలుసు, తెచ్చే మనిషికి తప్ప. నేను చెప్పబోయేది ఆ మనిషి గురించే.

నోయ్ పడవల మనిషి. మా పాత రాజధాని హ్యూ పట్నంలో పరిమళ నది మీద వెదురు కప్పు వేసిన పడవల్లోనే పుట్టి, అక్కడే వండుకుని, అక్కడే పెళ్ళాడి, అక్కడే పోయేవాళ్ళుండేవారు. వాళ్ళలో ఒకతె. నోయ్ అంటే మా భాషలో తేలడం. పడవలో పుట్టిన పిల్ల నీళ్ళలో పడితే ఏం కావాలని కన్నతల్లి కోరుకుంటుందో అదే పేరుగా పెట్టింది. పిల్ల తేలింది. తల్లీ తండ్రీ, మొదటి మొగుడూ ఒకరి తర్వాత ఒకరు మునిగినా నోయ్ మాత్రం తేలుతూనే ఉంది. నేల మీద నడవడం మాత్రం ఆమెకి చివరిదాకా సరిగా పట్టుబడలేదు. పడవలో నిలబడ్డట్టు కాళ్ళు ఎడంగా పెట్టి, నేలే కాస్త ఊగుతోందన్నట్టు నడిచేది.

ఈ నీళ్ళ మనిషి మా సందులోకి ఎలా వచ్చిందో తెలియాలంటే ముందు ఖియెమ్ మాస్టారి సంగతి తెలియాలి. ఆయన హైస్కూల్లో చరిత్ర చెప్పేవారు. సిస్టర్ల బడి ఆ హైస్కూలు పక్కనే. నేను సిస్టర్ల దగ్గర చదివానన్న మాటే గానీ, సగం చరిత్ర గోడ అవతలి నుంచి మాస్టారి గొంతులోనే నేర్చుకున్నాను.

"లే ఇంటిపేరుతో మన దేశాన్ని రెండు వంశాలు ఏలాయి. వాటి మధ్య నాలుగొందల ఏళ్ళ ఎడం. మొదటిదాన్ని తియెన్ లే అంటాం. అంటే?"

"ముందటి లే, మాస్టారూ!"

"రెండోదాన్ని హౌ లే అంటాం. అంటే?"

"తర్వాతి లే, మాస్టారూ!"

"మరి తియెన్ లే రాజుగారికి తను తియెన్ అని తెలుసా?"

"తెలీదు మాస్టారూ!"

"ఎందుకు తెలీదు?"

"తర్వాత ఇంకోళ్ళొస్తారని ఆయనకెవరూ చెప్పలేదు మాస్టారూ!"

ఇక్కడ క్లాసంతా నవ్వేది. గోడ ఇవతల మేమూ నవ్వి తన్నులు తినేవాళ్ళం.

కాలానికి పేర్లు పెట్టే ఈ పిచ్చి మాస్టారితో పాటు సాయంత్రం ఇంటికి కూడా వచ్చేది. ఆయన ఇంట్లో తేదీలతో పనిలేదు. "అది ఎలకల కాలం చివర్లో జరిగింది" అనేవారు. "అప్పటికి కారే కప్పు కాలం మొదలవలేదుగా" అనేవారు. అయితే ఆయనకో నియమం ఉండేది. నడుస్తున్న కాలానికి పేరు పెట్టకూడదు. అది అయిపోవాలి, తలుపు మూసుకోవాలి, అప్పుడే పేరు. అందుకే ఎలకలు పోయిన తర్వాతే అది ఎలకల కాలమైంది.

ఆయన మొదటి భార్య పెరట్లో పంపర పనస మొక్క నాటింది. అది చెట్టయి, తొలి కాపు కాసిన ఏడాది ఆమె జ్వరంతో పోయింది. అప్పటికి కూతురు థొవా ఇంకా చేతులు కడిగించుకునే వయసులో ఉంది. చాలా నెలలు మాస్టారు పోయిన భార్య గురించి ఇంకా ఉన్న మనిషి గురించి మాట్లాడినట్టే మాట్లాడారు. ఒకరోజు మా నాన్నతో మాటల మధ్య "అదా, అది పంపర పనస కాలంలో కొన్న కుర్చీ" అన్నారు. అని ఆగిపోయారు. తన నోట్లోంచి ఏం వచ్చిందో తానే విన్నారు. ఆ కుర్చీ పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మా నాన్న చాలాసేపు పొగాకు చుట్టుకుంటూ తల ఎత్తలేదు.

ఆ తర్వాత ఆ ఇంటిని ఏలేవాళ్ళు లేరు. అన్నం మాడేది. థొవా చొక్కా తిరగేసి తొడుక్కుని బడికి వెళ్ళేది. మాస్టారు టీలో ఉప్పు వేసుకుని తాగి, ఖాళీ కప్పు కడిగి పెట్టేవారు.

అప్పుడు వచ్చింది మా పంచాంగంలోని పాము సంవత్సరపు వరద. మా ఊరి వాళ్ళకి ఆ మాట చాలు. నది మంచం దిగి, సందుల్లోకి వచ్చి, ఇళ్ళ కప్పులెక్కింది. మా కప్పు మీద మా తాత పక్కన ఒక పంది వచ్చి కూర్చుంది. మా తాత దానికి చోటిచ్చి, ఎవరి తాలూకని అడిగాడు. అబద్ధాలాడితే సిస్టర్లు మా నాలుకకి సబ్బు రాసేవారు. నాకు చాలా సబ్బు పట్టింది. నా కథలు ఇంత నున్నగా జారడానికి అదే కారణం. కానీ పంది మాత్రం నిజం.

మాస్టారు అటక మీద ఉన్నారు. ఒక చంకలో థొవా, ఒక చంకలో పుస్తకాల కట్ట. నీళ్ళు నడుముదాకా వచ్చాయి. అప్పుడు అటక కిటికీలోంచి ఒక పడవ ముక్కు లోపలికి దూరింది. దాని వెనక గడ పట్టుకుని నోయ్.

"ఓ కళ్ళద్దాలయ్యా! చూస్తావేం? ఇయ్యి!"

మాస్టారు పుస్తకాల కట్ట అందించారు.

"ఇదేందయ్యా? పిల్లనియ్యి!"

"పుస్తకాలు తడిస్తే పాడైపోతాయమ్మా."

"పిల్ల తడిస్తే ఇస్త్రీ చేస్తావా?"

థొవా తర్వాత కంచె మీదుగా నవ్వుతూ ఈ సంగతి చెప్పేది. ఏడాదిలో తను మొదటిసారి నవ్విందట అప్పుడే.

నీళ్ళు తీసేదాకా ముగ్గురూ ఆ పడవలోనే ఉన్నారు. నోయ్ పక్క పడవల నుంచి అరువు తెచ్చిన బియ్యంతో అన్నం వండి, ఏట్లో ఏరిన చిన్న ఆల్చిప్పల మాంసం కలిపి, మిరపకారం వేసి పెట్టింది. నీళ్ళు పోయాక ఇంటినిండా మోకాలెత్తు బురద. "ఈయనకి పార పట్టుకోవడం రాదు" అని చెప్పి నోయ్ బురద తోడటానికి వచ్చింది. బురద అయిపోయింది. నోయ్ వెళ్ళలేదు. వెళ్ళమని ఎవరూ అనలేదు. ఆ మరుసటి ఏడు మాస్టారు తమలపాకులూ వక్కలూ పళ్ళెంలో పెట్టుకుని పడవల రేవుకి వెళ్ళారు. అడగడానికి నోయ్‌కి పెద్దవాళ్ళెవరూ లేకపోవడంతో, ఆ పళ్ళెం నోయ్‌కే ఇచ్చి నోయ్‌నే అడిగారు.

పెళ్ళిరోజున మాస్టారి ఇంటి ముందు సందంతా చేరింది. అందరికంటే ముందు కుర్చీలో దొవాన్ దొరసాని. ఆవిడ రాజవంశపు ఆడపడుచు. మా హ్యూలో రాయి విసిరితే రాజవంశపువాళ్ళకే తగులుతుందంటారు గానీ, ఈవిడది అసలు సిసలు వంశం. ఆవిడ పూర్తి పేరు పిలవాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి పీల్చుకోవాలి. ఆస్తి మాత్రం ఒక పాత పట్టు అంగీ, ఒక విసనకర్ర, ఒక పిల్లి.

నోయ్ ఊగుతున్న నడకతో గడప దాటుతుంటే దొరసాని విసనకర్ర చాటు నుంచి, అందరికీ వినబడేంత మెల్లగా అంది: "మాస్టారి తియెన్ అయిపోయింది. ఇదిగో హౌ వచ్చింది. చరిత్రలో కూడా ఇంతేగా."

సందంతా కిసుక్కుమంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మా భాషలో హౌ అంటే తర్వాత అని అర్థం. హౌ అంటే రాణి అని కూడా అర్థం. పాతకాలపు బొమ్మల్లాంటి అక్షరాల్లో ఈ రెండిటినీ వేరువేరుగా రాసేవారు. పాదిరీలు తెచ్చిన అక్షరాల్లో రెండూ ఒకేలా ఉంటాయి. ఇక చెవికైతే ఎప్పుడూ రెండూ ఒకటే. నోయ్‌కి ఏ అక్షరాలూ రావు. పడవలవాళ్ళు తుఫానొస్తే మొక్కుకునే సముద్రపు తల్లి బిరుదు చివర రాణి అన్న అర్థంలో ఆ మాట ఉంటుంది. నోయ్ పుట్టినప్పటి నుంచి విన్న హౌ అదొక్కటే.

నోయ్ ఆగింది. వెనక్కి తిరిగి దొరసాని ముందుకొచ్చి రెండు చేతులూ జోడించింది.

"దొరసానమ్మా, మీరు నిజం రాజులింటి బిడ్డలు. ఏటి మీది దాన్ని, నన్ను పట్టుకుని రాణీ అన్నారు. ఇంకెవరన్నా అంటే ఎగతాళి అనుకుందును. మీ నోటెంట వచ్చింది, నాకింక చాలమ్మా."

దొరసాని విసనకర్ర ఆగిపోయింది. అందరి నవ్వులూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మర్నాడు తెల్లవారగానే మొదటి చేప వచ్చింది.

దొరసాని వద్దనవచ్చు. అసలు సంగతి చెప్పేయవచ్చు. కానీ చేప తాజాగా ఉంది, దొరసాని ఇంట్లో కూర లేదు. రెండో రోజు చెప్పడం మొదటిరోజు కంటే కష్టం. నెల గడిచాక ఇంక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. సందు సందంతా ఆమెని హౌ అనే పిలవడం మొదలుపెట్టింది. మొదట్లో ఎగతాళిగా. తర్వాత అలవాటుగా. ఆ తర్వాత ఆ పిలుపులో ఎగతాళి ఎంతో అలవాటు ఎంతో మాకే తెలియలేదు.

మాస్టారు ఒకసారి దొరసాని గుమ్మం దాకా వెళ్ళారు.

"దొరసానిగారూ, ఇదేం బాగాలేదండీ."

"అయితే మీరే చెప్పండి మాస్టారూ. చరిత్ర మీ సబ్జెక్టు, చేప నా సబ్జెక్టు."

ఆయన తిరిగి ఇంటికి వచ్చారు. చెప్పలేదు. ఎలా చెబుతారు? నోయ్ గిన్నెలు తోముతూ "హౌ గారికి ఆకలేస్తందండోయ్" అని తనని తానే పిలుచుకుని నవ్వుకునేది. సంతలో ఎవరైనా ఏటి మనిషని చులకనగా మాట్లాడితే "మా సందులోకొచ్చి నా పేరు అడుగు" అనేది.

ఒక్క విషయంలో మాత్రం ఆమెకి వెలితి ఉండేది.

"మాస్టారూ, పంపర పనస కాలం అయిపోయింది గదా. ఇప్పుడు నడిచేది ఏం కాలం?"

"నడిచేదానికి పేరుండదు నోయ్."

"ఎందుకుండదు? ఎలకలకుంది, కప్పుకుంది. నేనున్నదానికి లేదా?"

మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకునేవారు.

"పోన్లెండి. నాకు హౌ అన్న పేరుంది. దాంతోనే గడిపేస్తా."

థొవా ఆమెని పిన్నీ అనేది. ఇద్దరి మధ్యా పోట్లాట ఉండేది కాదు. నోయ్ జడ వేస్తే వేయించుకునేది. పెట్టింది తినేది. కానీ పెరట్లోని ఆ పంపర పనస చెట్టు దగ్గరికి మాత్రం నోయ్ వెళితే థొవా ఎక్కడున్నా తల తిప్పి చూసేది. చెట్టు అమ్మది.

థొవాకి పదమూడో ఏడు వచ్చిన సంవత్సరం, తల్లి తద్దినానికి ముందురోజు, నోయ్ వల ఆరేయడానికి చోటు లేక ఆ చెట్టుకి తాడు కట్టింది. ఏ దురుద్దేశమూ లేదు. చెట్టు గట్టిది, ఎండ అక్కడే పడుతుంది. థొవా బడి నుంచి వచ్చి, అమ్మ చెట్టు మెడకి చేపల కంపు కొట్టే తాడు చూసింది. ఏమీ అనలేదు. వసారాలో కూర్చుని, పరీక్షకి చరిత్ర పుస్తకం తెరిచి గట్టిగా చదవసాగింది. మెట్టు మీద నోయ్ మర్నాటి వంటకి రొయ్యలు ఒలుస్తోంది.

"తియెన్ లే... హౌ లే... తియెన్ లే..."

"ఏమే, మీ బుక్కులో కూడా రాణులున్నారా?" నోయ్ సరదాగా అడిగింది. "హౌ లే అంటే రాణిగారి లే వంశమా?"

"రాణీ లేదు, ఏమీ లేదు. హౌ అంటే తర్వాత."

"తర్వాత ఏంది?"

"తర్వాతది అని! తియెన్ మా అమ్మ. ముందు. హౌ నువ్వు. తర్వాత. దొరసాని అన్నది అదే. సందులో అందరికీ తెలుసు పిన్నీ, నీకు తప్ప."

నోయ్ చేతిలో రొయ్య ఒలిచేసి ఉంది. దాన్నే మళ్ళీ ఒలవబోయింది.

"అందరికీనా?"

"అందరికీ."

"మాస్టారికి?"

థొవా పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంది. అప్పటికే ఆ మాటలు వెనక్కి తీసుకోవాలని ఉందట ఆమెకి. తీసుకోవడం ఎలాగో ఆ పేజీలో రాసి లేదు.

మర్నాడు తద్దినం. నోయ్ తెల్లవారుజామున లేచి అన్నీ వండింది. రొయ్యల పిండి పలకలు, మిరియాలు వేసి ఇగిర్చిన చేప, తామర గింజల పాయసం. ఏదీ తగ్గలేదు. పటం ముందు గిన్నెలు సర్ది, అగరొత్తులు వెలిగించింది. భోజనానికి పిలిచినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఆమె పటంతో అన్న మాట నా చెవిన పడింది.

"తిను అక్కా. ఉప్పు చాలకపోతే చెప్పు. నీ వంటిల్లేగా."

తర్వాత పెరట్లోకి వెళ్ళి చెట్టుకి కట్టిన తాడు విప్పింది. వల మడిచి భుజాన వేసుకుంది.

"ఎక్కడికి నోయ్?" మాస్టారు గుమ్మంలో నిలబడి అడిగారు.

"పడవలోకి."

"భోజనం చెయ్యకుండానా?"

"ముందువాళ్ళని తిననీండి. నేను తర్వాతదాన్ని గదా మాస్టారూ. తర్వాత వస్తా."

ఆ ఊగే నడకతో సందు దాటి వెళ్ళిపోయింది. మాస్టారి ముఖం చూసినవాళ్ళెవరూ మళ్ళీ వడ్డించుకోలేదు.

మర్నాడు చేప రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. దొరసాని తలుపు తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం. పిల్లి ఆవిడ కంటే ముందే గుమ్మంలో కూర్చుని సందు చివరికి చూడటం. చివరికి దొరసాని పట్టు అంగీ వేసుకుని మాస్టారి ఇంటికి వచ్చింది.

"ఏం మాస్టారూ, ఏటికేమైనా జబ్బు చేసిందా?"

"ఏరు బాగానే ఉంది దొరసానిగారూ. మీరన్న మాట ఆమెకి అర్థమైంది."

దొరసాని అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆవిడ మెట్టు మీద కూర్చోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

"ఆ రోజే చెప్పాల్సింది నేను," అంది.

"నేనూ," అన్నారు మాస్టారు.

ఇద్దరూ కలిసి రేవుకి బయల్దేరారు. నేనూ వెళ్ళాను. ఎందుకంటే దొరసాని గొడుగు దొరసాని పట్టుకోదు.

నోయ్ పడవ ముందు భాగంలో కూర్చుని వల చిరుగులు కుడుతోంది. మమ్మల్ని చూసింది. చూడనట్టు కుడుతూనే ఉంది.

"నోయ్," అన్నారు మాస్టారు.

"గట్టు నాది కాదు. నిలబడే వాళ్ళని నేనేం వద్దనను."

"ఒక్క మాట విను. హౌ లే రాజులెవరూ తమని హౌ అని అనుకోలేదు. వాళ్ళ కాలంలో—"

"పాఠం వద్దు మాస్టారూ."

"పాఠం కాదు. తర్వాతది రాకపోతే ముందుదానికి 'ముందు' అన్న పేరే రాదు నోయ్. అది చెబుతున్నా."

"అంటే అక్కకి పేరు రావడానికి పనికొచ్చాను. సంతోషం."

పాపం, మాస్టారికి క్లాసులో ఎవరూ ఇలా ఎదురు సమాధానం చెప్పి ఉండరు. కళ్ళద్దాలు తీశారు. తుడవలేదు. చేతిలో పట్టుకుని ఉండిపోయారు.

"మన కాలానికి పేరు పెట్టలేదనేగా నీకు కష్టం. పంపర పనస కాలం అని నా నోటితో నేనన్న రోజున ఆమె నిజంగా వెళ్ళిపోయింది. అప్పటిదాకా ఎక్కడో ఉన్నట్టే ఉండేది. మళ్ళీ ఇంకోసారి ఆ పని నేను చెయ్యలేను. అందుకే పెట్టలేదు."

నోయ్ సూది ఆగింది. 

"అది మీ భయం మాస్టారూ. మీ భయానికి నేను పేరు లేకుండా తిరగాలా? ఆ ఇంట్లో నేనెవరు? అది చెప్పండి చాలు."

  దొరసాని "తప్పు నాదే నోయ్" అంటూ ముందుకొచ్చి, పుట్టాక మొదటిసారి పడవ పలక మీద కాలు పెట్టింది. పడవ ఒక పక్కకి ఒరిగింది. దొరసానిని పట్టుకోవడానికి నేను గొడుగు వదిలేశాను. ఆ గొడుగు నిటారుగా నిలబడి, ఎవరో దాన్ని పట్టుకుని నడుస్తున్నట్టు సముద్రం వైపు వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు వారాలకి పక్క జిల్లాలో దాన్ని చూసి జాలరులు దారి ఇచ్చి దణ్ణం పెట్టారట.

ఈ గొడవలో గట్టు మీద పరుగెత్తుతూ థొవా వచ్చింది. చంకలో చరిత్ర పుస్తకం. వచ్చీ రాగానే ఎవరినీ అడగకుండా పడవలోకి దూకింది. వరదప్పుడు ఆ పడవలో ఉన్న పిల్ల కాబట్టి పడవ ఊగలేదు. నోయ్ ఎదురుగా కూర్చుంది.

"పిన్నీ, మొన్న నీకు పాఠం సగమే చెప్పాను."

"మిగతా సగం మీ నాన్న ఇప్పుడే చెప్పాడు."

"నాన్నకి చెప్పడం రాదు."

మా జిల్లాలో చరిత్ర మాస్టారంటే ఖియెమ్ మాస్టారే. ఆయన గట్టు మీద తలొంచుకుని నిలబడ్డారు.

"హౌ లే అంతా ఒకటే కాదు పిన్నీ. మొదట్లో కొంతకాలం బాగానే నడిచింది. తర్వాత సింహాసనం పోయింది. వేరేవాళ్ళు లాక్కున్నారు. లే వంశానికి రాజే లేడు. ఇంక అయిపోయిందనుకున్నారు అందరూ."

"అయిపోతే అయిపోయింది. నాకెందుకే?"

"అయిపోలేదు! మళ్ళీ తెచ్చి నిలబెట్టారు. అక్కణ్ణించి దానికి వేరే పేరు. మళ్ళీ నిలబడిన కాలం." థొవా వల అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. "అమ్మ పోయాక ఇంట్లో అన్నం మాడేది. నాన్న ఉప్పు టీ తాగేవాడు, తెలిసేది కూడా కాదు. నేను చొక్కా తిరగేసి వేసుకున్నా చెప్పేవాళ్ళు లేరు. రాజు లేని కాలం అంటే అదే. తర్వాత నువ్వు కిటికీలోంచి పడవేసుకుని వచ్చావు."

 నోయ్ ఆ పిల్ల వేలికి చుట్టుకున్న వల పోగుని మెల్లగా విప్పింది.

"ఆ మళ్ళీ నిలబడిన కాలం... అదెంత కాలం నిలబడిందే?"

థొవా పుస్తకం తెరవలేదు.

"అన్నిటికంటే ఎక్కువ పిన్నీ. ముందూ లేదు, తర్వాతా లేదు. మన దేశంలో ఏ వంశమూ అంతకాలం నడవలేదు."

"నన్ను ఊరుకోబెట్టడానికి చెప్తన్నావా?"

"నాన్నని అడుగు."

నోయ్ గట్టు వైపు చూసింది. మాస్టారు తల ఊపారు.  చరిత్రలో ఏ ప్రశ్నకైనా ఆయన అంత పొట్టి సమాధానం చెప్పడం నేను చూడలేదు.

ఆ కాలంలో లే రాజులు సింహాసనం మీద ఊరికే కూర్చునేవారని, పెత్తనమంతా వేరే ఇంటివాళ్ళు చేసేవారని కూడా ఆ పుస్తకంలోనే ఉంది. థొవా అది చెప్పలేదు. ఆ తర్వాత మాస్టారి ఇంట్లో ఎవరు కూర్చున్నారో, పెత్తనం ఎవరు చేశారో చూసిన మాకు చెప్పనక్కర్లేకపోయింది కూడా.

"లెగు," అంది నోయ్. "ఆ పడవ తాడు విప్పు. తర్వాత వస్తానన్నాను గదా. ఇదే ఆ తర్వాత."

ఇంటికి వెళ్ళాక వల పెరట్లోకి తీసుకెళ్ళింది థొవాయే. తాడు ఒక కొసని పంపర పనస చెట్టుకి తన చేత్తో కట్టింది. ముడి వదులుగా ఉందని నోయ్ విప్పి మళ్ళీ కట్టించింది.

మర్నాడు తెల్లవారగానే అరిటాకులో చేప వచ్చింది. దొరసాని పట్టు అంగీ తొడుక్కుని, జుట్టు దువ్వుకుని, గుమ్మంలో సిద్ధంగా ఉంది. నడుం వంచి దణ్ణం పెట్టింది.

"హౌ గారూ, దయచేయండి. ఈసారి ఏ అర్థంలో అన్నానో తెలిసిందిగా?"

"చేప తీస్కోండి దొరసానమ్మా. ఎండకి పాడైపోద్ది."

ఆ తర్వాత మా ఊరి మీదుగా చాలా కాలాలు నడిచాయి. వాటికి పెద్దపెద్దవాళ్ళు పెద్దపెద్ద పేర్లు పెట్టారు. పేర్లు మారాయి కూడా. మాస్టారు నోయ్ ఒడిలోనే పోయారు. తమ కాలానికి పేరు పెట్టకుండానే పోయారు. మాట నిలబెట్టుకున్నారు. దొవాన్ దొరసాని పోయింది. చేప ఆవిడ పిల్లికి వెళ్ళింది, పిల్లి పోయాక ఆవిడ మేనకోడలికి వెళ్ళింది. థొవా నాన్న చెప్పిన బళ్ళోనే చరిత్ర చెప్పింది. పిల్లలు ఆమె క్లాసులో కూడా అదే చోట నవ్వేవారు.

నోయ్ బాగా ముసలిదై మంచం పట్టింది. మా దగ్గర ఒక ఆచారం ఉంది. వెళ్ళిపోయే మనిషికి కొత్త పేరు ఒకటి పెట్టి, చెవిలో చెబుతారు. ఆ పేరు ఇంట్లోవాళ్ళకీ, ఆ ఇంటి నేలని కాచే దేవుడికీ తప్ప మూడో మనిషికి తెలియకూడదు. ఏటేటా వంట చేసి ఆ పేరుతోనే పిలుస్తారు. లేకపోతే దారినపోయే ఆకలి దయ్యాలన్నీ పీటల మీద కూర్చుంటాయి. మాస్టారి నియమం కూడా దాదాపు అదే కదా. అయిపోయాకే పేరు.

ఆ రోజు థొవా ఆమె చెవి దగ్గర వంగింది. నేను మామిడికాయలు కోసే నెపంతో కంచె పక్కన నిచ్చెన వేసుకుని ఉన్నాను. అది మామిడికాయల కాలం కాదు. థొవా నన్ను చూసి కిటికీ మూసేసింది. కాబట్టి ఏం పేరు పెట్టిందో నాకు తెలియదు. కానీ మూసిన కిటికీలోంచి నోయ్ నవ్వు వినిపించింది. గొంతు పోయింది గానీ నవ్వు మాత్రం గిన్నెలు తోముతూ నవ్విన ఆ పాత నవ్వే.

ఇంకో మాట చెప్పాలి. మా దగ్గర కథ సుఖంగా ముగిస్తే "ఈ కథకి హౌ ఉంది" అంటారు. ఏడుపులన్నీ అయ్యాక చివర్లో మిగిలే మంచి తర్వాత అన్నమాట. నా మనవరాలు ముందే ఆ సంగతి అడిగి గానీ ఏ కథా వినదు. ఈ కథ మొదలుపెట్టినప్పుడు కూడా అడిగింది.

"తాతయ్యా, దీనికి హౌ ఉందా?"

"ఉండేది తల్లీ," అన్నాను. "రోజూ పొద్దున్నే చేప తెచ్చేది."